దెయ్యం నాన్న, పదకొండు టిక్కీలు

సాయంత్రం ఏడున్నరకి వచ్చే ఆ దెయ్యం సీరియల్‌ని మొదటి భాగం నుంచీ ఒక్కరోజు కూడా వదలకుండా చూశానని ఊళ్లో చెప్పుకుంటూ ఉంటాను. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లకి కథంతా వరసగా అప్పజెబుతాను కూడా. నిజం చెప్పాలంటే సగం భాగాల్లో కునుకు తీశాను. మెలకువ వచ్చినప్పుడల్లా అదే ఉయ్యాల ఊగుతూ, అదే తండ్రి నోరు తెరుస్తూ కనిపించేవాడు కాబట్టి నాకు నష్టమేమీ జరగలేదు.

ఆ కథ కొంచెం చెప్పాలి, లేకపోతే మా ఇంటి సంగతి అర్థం కాదు. ఒక పెద్ద లోగిలి. అందులో తరతరాలుగా ఆరని దీపం ఒకటి. దానికి కాపలా కూర్చున్న తండ్రి కునుకు తీయడంతో అది ఆరిపోయింది. తప్పు తనదని ఒప్పుకోవడానికి నోరు రాక, ఆ పూట కాపలా కొడుకుదని చెప్పేశాడు. కొడుక్కి శాపం తగిలింది. వాడు ఏది ముట్టుకున్నా మసైపోతుంది. కొన్నాళ్లకి తండ్రి పోయాడు. పోయి, ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. నిజం కొడుక్కి చెబితేగానీ ఆయన ఆత్మకి విడుదల లేదు. చిక్కేమిటంటే ఆయన కొడుక్కి కనిపించడు, ఆయన మాట వినిపించదు. ఒక్క కోడలికే కనిపిస్తాడు. ఉయ్యాల బల్ల దానంతటది ఊగిందంటే ముసలాయన వచ్చాడని గుర్తు. వస్తాడు, కోడల్ని పిలుస్తాడు, "ఆ దీపం సంగతి వాడికి..." అంటాడు. అంతే, ఉరుము. ముగ్గురి మొహాలూ మూడేసిసార్లు చూపిస్తారు. తర్వాత సబ్బుల ప్రకటన. ఎనిమిది నెలలుగా ఇదే వరస.

మా ఇంట్లోనూ ఒక తండ్రీ, ఒక కొడుకూ, మధ్యలో ఒక కోడలూ ఉన్నాం. పొదిలికి ఇవతల మా ఊరు. నేనూ మావాడూ ఒకరితో ఒకరం నేరుగా మాట్లాడుకోక అప్పటికి రెండేళ్లు కావస్తోంది. అన్నం ఒకే చోట తింటాం, ఒకే పంపు కింద కాళ్లు కడుక్కుంటాం. మాట మాత్రం కోడలి మీదుగా పోవాలి. నేను ఇంకా పోలేదు, అంతే తేడా.

ఆ సీరియల్ మొదలయ్యాక కోడలికి కాస్త పని తగ్గింది. మేమిద్దరం టీవీతో మాట్లాడటం నేర్చుకున్నాం.

"ఆ కుర్రాడికి చెప్పండయ్యా, మబ్బు పట్టింది, టార్పాలిన్ పట్టాలు బయటే ఉన్నయ్యని," అంటాను నేను టీవీ వంక చూస్తూ. తెరమీద కుర్రాడు పట్టు పంచె కట్టుకుని దేవుడికి హారతి ఇస్తుంటాడు. అక్కడ మబ్బూ లేదు, పట్టాలూ లేవు. మావాడు లేచి వెళ్లి పట్టాలు లోపల పడేసి వచ్చి మళ్లీ కూర్చుంటాడు.

కాసేపాగి వాడు అంటాడు: "ఆ పెద్దాయన బీపీ బిళ్ల ఏసుకోలేదంట. చచ్చినోడికి బీపీ ఏందో!"

కోడలు విసుక్కుంటూ బిళ్లా నీళ్లూ తెచ్చి నా చేతిలో పెడుతుంది. "ఆ సీరియల్లో కోడలికి ఒక్క దెయ్యమే మావయ్యా. నాకు ఇద్దరు," అంది ఒకసారి.

మేం ఎందుకు మాటలు మానేశామో నేను ఊళ్లో చెప్పే కథ ఒకటి ఉంది. ముప్పై ఎకరాల మిర్చి, గుంటూరు యార్డు అంతా మా సరుకు కోసం ఎగబడటం, నా మాట వినని కొడుకు, మొత్తం బూజు. అందులో బూజు ఒక్కటే నిజం. మాది మూడెకరాలు. ఆ ఏడు వచ్చింది నలభై టిక్కీలు. ఎండిన కాయని గోతంలో వేసి, కాళ్లతో తొక్కి, మూతి కుట్టేస్తే దాన్ని టిక్కీ అంటాం.

ఆ ఏడు పంట మొత్తం మావాడి చేతుల మీదుగా నడిచింది. మొదటిసారి నన్ను అడగకుండా నారు పోశాడు, మందులు కొట్టాడు, కోయించాడు. తేమ కొలిచే మిషన్ ఒకటి కొన్నాడు. అరచెయ్యంత ఉంటుంది, రెండు ముళ్లు. కల్లంలో ఆరబోసిన కాయలో అక్కడోసారి ఇక్కడోసారి గుచ్చి, అంకె చూసి తల ఊపుకుంటూ తిరిగేవాడు. నాకు అది చూస్తే ఒళ్లు మండేది. నలభై ఏళ్లు నేను గుప్పెట పట్టి, చెవి దగ్గర ఊపి తేమ చెప్పినవాణ్ణి. ఎప్పుడూ తప్పు పోలేదు అని రాయబోయాను. పోయింది, చాలాసార్లు.

తొక్కుడు మొదలుపెట్టిన రోజు నేను కల్లంలోకి వెళ్లి కాయ చేతిలోకి తీసుకున్నాను. "గలగలమంటందిరా. ఇట్టాగే తొక్కితే సగం ముక్కలైపోద్ది. రెండు చెంబుల నీళ్లు చిలకరించు."

"నీళ్లొద్దు నాన్నా. ఇది కోల్డ్ స్టోరేజీకి పోయే సరుకు. చెమ్మ ఉంటే లోపల బూజొచ్చిద్ది."

"చిలకరించకుండా నేను ఒక్క టిక్కీ అయినా కట్టానేంట్రా?"

"నువ్వు కట్టిన రెండోరోజే యార్డుకి తోలేవాడివి. ఇది ఆర్నెల్లు లోపల ఉండాల. నువ్వు చెయ్యి పెట్టమాక."

రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. "పెద్దాయన చేతికి సెలవిచ్చారే!" అంది ఒకావిడ. వాడు వినిపించుకోలేదు. నాకు మాత్రం బాగా వినిపించింది.

మర్నాడు వాడు నల్లపాడు వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో చోటు మాట్లాడుకోవడానికి పొద్దున్నే బండి మీద వెళ్లాడు. మధ్యాహ్నం కూలివాళ్లు అన్నాలకి వెళ్లారు. కల్లంలో నలభై టిక్కీలు, నేను. వాడు నీలం ప్లాస్టిక్ దారంతో కుట్టిన మూతులు కొడవలితో కోశాను. డ్రమ్ములోంచి బిందెతో నీళ్లు తెచ్చి లోపల చిలకరించాను. నా దబ్బనంతో, నా పురికొసతో మళ్లీ కుట్టాను. నలభైకీ చేద్దామనే కూర్చున్నాను. పదకొండో దానికి నడుము పట్టేసింది. నా పెద్దరికం కాదు, ఆ నడుము నొప్పే మిగతా ఇరవైతొమ్మిదినీ కాపాడింది.

చిలకరించాను అన్నానా? పోశాను. చిలకరిస్తే పైన నాలుగు కాయలే తడుస్తాయి, తొక్కినది లోపలికి దిగదు. నా మాటే నెగ్గిందని లోపలి కాయక్కూడా తెలియాలని పోశాను. వాడు వచ్చేలోపే లారీ వచ్చింది, హమాలీలు ఎత్తేశారు. చీకటి పడే వేళకి వాడొచ్చి లారీ చుట్టూ తిరిగి, తాళ్లు లాగి చూసుకుని, నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

ఆర్నెల్ల తర్వాత యార్డులో సరుకు దించాక, కొనేవాళ్ల మనిషి వరసగా చెయ్యి పెట్టి చూసుకుంటూ వచ్చాడు. ఇరవైతొమ్మిది బాగున్నాయి. పదకొండింట్లో మాత్రం గుప్పెట పట్టి తీస్తే లోపలంతా తెల్లబూజు, విరిస్తే నల్లటి గింజ. ఆ మనిషి చెయ్యి దులుపుకుని, "తేమ చూసుకోకుండా తొక్కించావేందయ్యా?" అన్నాడు మావాడితో. వాడు తల వంచుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నిజం తెలిసి కూడా నోరు మెదపలేదు.

పదకొండు టిక్కీలూ వెనక్కి తెచ్చి కూలివాళ్ల చేత గట్టు మీద గుమ్మరించాను. వాడు ఇంట్లోంచి బయటికి రాలేదు. గోతాలు నేనే దులిపి, మడిచి, కొట్టంలో అటక మీద పడేశాను.

వాడి తేమ మిషన్ ఆ తర్వాత బీరువాలోకి పోయింది. మరుసటి ఏడు పత్తి వేశాడు. విత్తనం ఏది వెయ్యాలో మందుల కొట్టువాణ్ణి అడిగాడు, పక్క చేను ఆయన్ని అడిగాడు, చివరికి బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి కూడా అడిగాడని కోడలు చెప్పింది. మబ్బు చూసి మందు కొట్టాలో వద్దో తేల్చుకోలేక, స్ప్రేయర్ వీపున తగిలించుకుని గట్టు మీద గంటసేపు నిలబడిపోయిన మనిషిని నేను కళ్లారా చూశాను. వాడికి నలభై రెండేళ్లు.

ఒకరోజు సీరియల్లో కుర్రాడు పూలమొక్కని ముట్టుకుంటే అది నల్లగా మాడిపోయింది. కాసేపటికి మావాడు నవ్వాడు. "నాక్కూడా ఎవరో పెట్టారే శాపం," అన్నాడు పెళ్లాంతో. "నా చెయ్యి మంచిది కాదు."

ఆ వేసవిలో కబురు తెలిసింది. మూడెకరాలూ కౌలుకిచ్చేసి ఒంగోలు పోతాడట. స్నేహితుడెవరో గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చూశాడట. రాళ్లయితే బూజు పట్టవు కదా అన్నాడట. ఆదివారం కౌలుదారు తాంబూలం పట్టుకుని వస్తాడు. తాంబూలం పుచ్చుకుంటే ఇక మాట తిరగదు.

ఇదంతా కోడలు గుమ్మం దగ్గర నిలబడి టీవీకి చెప్పింది. ఆ వేళకి ఆమెకి కూడా అలవాటైపోయింది.

వాడు పనికి పోతే నాకు అభ్యంతరం లేదు. రాళ్లు కోసుకునైనా మనిషి బతకొచ్చు. కానీ వాడు తన చేతిని నమ్మక పోతున్నాడు. ఆ చేతిలో ఏ లోపమూ లేదని ఈ భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చేను పోతే నాకు పొద్దుపోదన్న స్వార్థం కూడా అందులో ఉంది. అది లేదని రాస్తే మళ్లీ దొరికిపోతాను.

బుధ, గురువారాలు చెబుదామని నోరు తెరిచాను. ఒకసారి దగ్గొచ్చింది, ఒకసారి గ్యాస్ బండవాడొచ్చాడు. ఉరుములు మాకూ ఉంటాయి, కాకపోతే చప్పుడు చిన్నది.

శుక్రవారం నాడు నిజం బయటపడుతుందని సీరియల్ వాళ్లు వారం నుంచీ చాటింపు వేస్తున్నారు. ముగ్గురం కూర్చున్నాం. ఉయ్యాల ఊగింది. ముసలాయన వచ్చాడు. "దీపం ఆర్పింది..." అన్నాడు. ఉరుము ఉరిమింది. మొహాలు వచ్చాయి, ఆ తర్వాత సబ్బు వచ్చింది.

మావాడు వెనక్కి వాలి పెద్దగా ఊపిరి వదిలాడు. "ఆ ముసలాయన చెప్పడే. చెబితే సీరియల్ అయిపోద్దిగా," అన్నాడు. అందులో కోపం లేదు. అలసిపోయి అన్నాడు. రెండేళ్లుగా నేనూ అదే అలసటతో ఉన్నానని అప్పుడు తెలిసింది.

"ఒరేయ్," అన్నాను.

కోడలు టీవీ వంక చూసింది, ఎవరితో అంటున్నానోనని. నేను వాడి వంకే చూస్తున్నాను.

"ఆ టిక్కీల్లో నీళ్లు పోసింది నేనేరా."

సబ్బు పాట చెవులు బద్దలయ్యేలా ఉంది. రిమోట్ రెండు దెబ్బలు కొడితేగానీ పనిచేయదు. కోడలు కొడుతూనే ఉంది. నేను అరవాల్సి వచ్చింది. "నువ్వు నల్లపాడు పోయిన రోజు! నలభై టిక్కీలూ విప్పి నీళ్లు పోసి మళ్లీ కుట్టా!"

చూడండి నా నోరు. రెండేళ్లు దాచిన నిజాన్ని బయటికి తీస్తూ కూడా, పదకొండుని నలభై చేశాను.

మావాడు మెల్లగా నా వైపు తిరిగాడు. "నలభైకీ పోస్తే పదకొండే ఎట్టా పాడయినయ్యి?"

నేను లెక్క సరిదిద్దుకోబోయాను.

"ఆదివారం ఆపటానికి చెప్తన్నావు," అన్నాడు. "నాకు ధైర్యం చెబుదామని. ఎందుకులే నాన్నా. మనింటి బావి ఒక్కడివే తవ్వానన్నావు. కల్లంలో పన్నెండడుగుల పాముని చంపానన్నావు, అమ్మ చూస్తే అది మూరెడు లేదు. ఇది కూడా అట్టాంటిదే."

నా జన్మలో నేను చెప్పిన ఒకే ఒక్క పనికొచ్చే నిజం అది. దాన్ని వాడు నా పాముల పక్కన పడేశాడు. వాడి తప్పేమీ లేదు. ఒక సంగతి మాత్రం గమనించాను. రెండేళ్ల తర్వాత వాడు నన్ను నాన్నా అన్నాడు, అదీ నమ్మనని చెప్పడానికి.

లేచి కొట్టంలోకి వెళ్లాను. అటక అందక మంచం కోడు ఎక్కబోతే కోడలు పరిగెత్తుకొచ్చింది. "మావయ్యా, దిగండి, కాలు ఇరిగితే నేనే మొయ్యాల!" ఆమే ఎక్కి గోతాల కట్ట కిందికి తోసింది. లోపలికి తెచ్చి, మావాడి ముందు టీవీకీ వాడికీ మధ్యలో పడేశాను. బూజు మరకలు అలాగే ఉన్నాయి.

"మూతులు చూడు," అన్నాను.

ఒకటి తీశాడు. మూతి అంచులో నా పురికొస ముక్కలు పీచులు పీచులుగా వేలాడుతున్నాయి. వేలితో వాటిని పక్కకి జరిపాడు. వాటి కింద జనపనారలో ఇరుక్కుని, కొడవలికి తెగిన నీలం దారం కొసలు. వాడి దారం. వాడు కుట్టింది, నేను కోసింది. రెండోది తీశాడు. మూడోది తీశాడు. టీవీలో ఉయ్యాల మళ్లీ ఊగుతోంది, ఎవరూ చూడటం లేదు. పదకొండూ చూశాడు. అన్నింట్లోనూ పురికొస, దాని కింద నీలం.

"ఎన్ని బిందెలు?" అన్నాడు చివరికి.

"ఆరు," అన్నాను. ఈసారి పెంచలేదు. తగ్గించనూ లేదు.

"అంటే నేను కట్టినయ్యి ఇరవైతొమ్మిదీ బాగున్నయ్యి."

"బాగున్నయ్యిరా. ఒక్క కాయ పోలా."

వాడు గోతాన్ని మోకాళ్ల మీద పరుచుకుని కూర్చుండిపోయాడు. తలెత్తకుండానే అన్నాడు: "నీళ్లు పోశావు, సరే. యార్డులో ఆ మాటెందుకన్నావు?"

పైన ఒక చోట తగ్గించి రాశాను, ఇప్పుడు దాన్ని సరిచేయాలి. యార్డులో నోరు మెదపలేదన్నాను కదా. మెదిపాను. కొనేవాళ్ల మనిషి ఆ మాట అన్నప్పుడు, మావాడు తల వంచుకున్నప్పుడు, చుట్టూ పదిమంది ఉండగా, "నేను చెబుతూనే ఉన్నానయ్యా, మావాడు వింటేగా," అన్నాను. నవ్వుతూ అన్నాను. బిందెలు మోసింది నేనూ, ఆ మాట అన్నదీ నేనే. నీళ్లు పోసిన పనికి నిద్ర పట్టేది. ఈ మాటకే పట్టేది కాదు.

"భయమేసిందిరా," అన్నాను. "ఎవడన్నా నన్ను చూస్తాడేమోనని ముందే నిన్ను చూపించా."

వాడు గోతం మీది బూజు మరకని గోటితో గీకాడు.

"యార్డుకొచ్చి అందరి ముందూ చెప్తా. రేపే పోదాం."

"నువ్వు చెబితే ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. కోడలికి నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ రావలసిందే కానీ రాలేదు. వాడికీ రాలేదు. వాడు గోతాలన్నీ ఒక్కొక్కటిగా మడిచి, కట్ట కట్టి, అటక మీద కాకుండా వీధి తలుపు పక్కన పెట్టాడు. అన్నం తినకుండా పడుకున్నాడు.

శనివారం వాడు నాతో మాట్లాడలేదు, కోడలి ద్వారా కూడా. మా మధ్య టీవీ సాయం కూడా లేకుండా గడిచిన మొదటి రోజు అదే. సీరియల్ వేళకి చేలోకి వెళ్లిపోయాడు. నేనొక్కణ్ణే కూర్చుని చూశాను. ముసలాయన ఇంకా చెప్పలేదు. దీపం ఆర్పింది పిల్లి అన్నట్టుగా కథని ఎటో తిప్పేశారు. టీవీ ఆపేశాను.

ఆదివారం కౌలుదారు వచ్చాడు. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్లు. కోడలు కుర్చీ వేసింది. మావాడు గదిలోంచి వచ్చాడు. వీధి తలుపు పక్కన ఉన్న గోతాల కట్ట వంక చూశాడు. తర్వాత వంగి పళ్లెంలోంచి ఒక అరటిపండు తీసి ఆయన చేతికే ఇచ్చాడు.

"ఏమనుకోమాకన్నా. ఈ ఏడు నేనే వేసుకుంటా. మిరపే."

ఆయన గొణుక్కుంటూ వెళ్లాక నేను మంచం మీంచి లేవబోయాను. ఏదో ఒకటి అనాలనుకున్నాను, బహుశా బాగా పెద్ద మాట. వాడు నా వైపు వేలు చూపించాడు.

"నువ్వు కల్లంలోకి రామాక," అన్నాడు నాతోనే, నేరుగా. "పట్టా దాటి ఒక్క అడుగేశావంటే ఊరుకోను."

క్షమించానని వాడు అనలేదు, ఇప్పటికీ అనలేదు. నేనూ అడగలేదు. మొన్న ఎండలు ముదిరాక కల్లంలో మళ్లీ ఎర్రగా కాయ పరిచారు. నా మంచం పట్టా అంచుకి ఇవతల వేశారు. వాడు మిషన్ పట్టుకుని అక్కడా ఇక్కడా గుచ్చి, అంకె చూసుకుని, ఎవర్నీ అడక్కుండా "రేపు తొక్కిద్దాం" అన్నాడు. తాలుకాయలు ఏరే ఆవిడ నా వంక చూసింది. నేను చేతులు రెండూ పైకెత్తి చూపించాను.

దాహమేసి చెంబు తీసుకున్నానో లేదో, అంత దూరం నుంచి కేకేశాడు: "నాన్నా! ఆ చెంబు పట్టుకుని ఇటు రామాక!"

ఈ ఏడు ఆ పట్టా అంచు నేను ఒక్కసారి కూడా దాటలేదు. ఒకసారి దాటాను, చెప్పు ఎగిరి లోపల పడితే. సరే, రెండుసార్లు. రెండోసారి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి చూశాను. వాడు చూసుకున్న అంకె సరిగ్గానే ఉంది.